మొదటి జీతంతో సంక్రాంతి కానుకలు: ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి, ఆఫీసులో ఎవరికేం కొనాలి?

మీరు అడిగింది ఇదీ: ఊరు కావలి, ఉద్యోగం చెన్నైలో. జీతం అందుకోవడం మొదలయ్యాక వస్తున్న తొలి సంక్రాంతి. ఇంట్లో అమ్మ, నాయన, అవ్వ. అక్క, బావ, వాళ్ళ ఐదేళ్ళ పాప పండగకి వస్తారు. ఇద్దరు మేనత్తలు, ఊళ్ళో ఇద్దరు స్నేహితురాళ్ళు. ఆఫీసు టీమ్‌లో ఆరుగురు, పైన ఒక మేనేజర్. చేతిలో పదిహేను వేలు. ఎవరూ నొచ్చుకోకుండా ఏం కొనాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

నెల్లూరులో మాకు బట్టల కొట్టు ఉంది. డిసెంబరు వచ్చిందంటే ఇళ్ళవాళ్ళతో పాటు ఆఫీసులవాళ్ళు కూడా పండగ ఆర్డర్లకి వస్తారు. జనం ఏం కొన్నారో మాకు ఎలాగూ తెలుస్తుంది. కనుమ దాటాక ఏది మార్చమని తెస్తారో అది ఇంకా బాగా తెలుస్తుంది. నేను చెప్పబోయేది చాలావరకు అలా వెనక్కి వచ్చిన సంచుల వల్ల తెలిసిందే.

చవకదని వెనక్కి తెచ్చేవాళ్ళు తక్కువ. తీసుకున్నాక ఏదో ఒక భారం మీద పడినవాళ్ళే ఎక్కువ. చీర బాగుంది కానీ డ్రై వాష్‌కి ఇవ్వాలి. గాజు సామాను బాగుంది కానీ పెట్టుకునే చోటు లేదు. ఇంత ఖరీదైనది పెట్టారు, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి మనమూ అంతకు తగ్గకుండా పెట్టాలి కదా అని దిగులు. అందుకే కొనేముందు ఒక్కటి చూసుకోండి: ఇది అందుకున్నాక ఆ మనిషికి కొత్త పనో, కొత్త ఖర్చో, కొత్త మాటో పడుతుందా? పడేట్టుంటే దాన్ని వదిలేయండి.

ముందు మేనత్తల సంగతి, ఎందుకంటే మీరు తక్కువ రాసినా ఎక్కువ జాగ్రత్త కావలసింది అక్కడే. మన వైపు పెట్టుపోతల్లో ఎవరికి ఎంతలో పెట్టారన్నది ఇంట్లో ఆడవాళ్ళందరికీ గుర్తుంటుంది. ఒక అత్తకి జరీ అంచు, ఇంకో అత్తకి సాదా అంచు పెడితే మీ మనసులో ఏమీ లేకపోయినా అది అర్థాలు తీసుకుంటుంది. పెద్దత్త ఇంట్లో డబ్బుంది, చిన్నత్త ఇంట్లో ఇబ్బంది ఉందని చిన్నత్తకి కొంచెం ఎక్కువ పెట్టాలనిపిస్తే మంచిదే, కానీ ఆ ఎక్కువ నలుగురి మధ్య పెట్టకండి. ఇద్దరికీ ఒకే నేత, ఒకే ధర, రంగులు మాత్రం వేరు. చిన్నత్త చేతిలో పెట్టాలనుకున్నది విడిగా, ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లల చదువుకని చెప్పి ఇవ్వండి. అమ్మకి, అక్కకి కూడా అదే వరసలో చీరలు తీసుకుంటే మొత్తం నాలుగు. రంగులు ముందే అమ్మకి చూపించండి. ఎవరి దగ్గర ఏ రంగు ఉందో, ఎవరు ఏ రంగు కట్టరో అమ్మకి తెలిసినంతగా కొట్టువాళ్ళకీ మీకూ తెలియదు.

చీరలు టి.నగర్‌లో కొని మోసుకురావద్దు. చెన్నైలో రకాలు ఎక్కువే, కాదనను. కానీ నచ్చకపోతే మార్చుకోవడానికి అత్త చెన్నై వెళ్ళలేదు. తీసుకునే మనిషికి అందుబాటులో ఉన్న కొట్లో కొనండి. పైగా పండగ రోజుల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నిలబడడానికే చోటుండదు, దానికి తోడు నాలుగు సంచులెందుకు?

ఏ చీర అంటే నేను వెంకటగిరి కాటన్ చెబుతాను. 2022 జిల్లాల విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ నెల్లూరు వాళ్ళు దాన్ని ఇప్పటికీ మన చీర అనే అంటారు. సన్నటి నూలు, తేలిక బరువు, మన ఎండలకీ ఉక్కకీ సరిపోయే బట్ట. పెట్టెలో దాచుకునే చీర కాదు, గుడికో పేరంటానికో కట్టుకుని వెళ్ళే చీర. జాందానీ (నేతలోనే తీసే) పువ్వులున్నవి, జరీ ఎక్కువున్నవి మీ బడ్జెట్ దాటిపోతాయి. సన్న అంచుతో సాదాగా ఉండే చేనేత కాటన్ అయితే పదిహేను వందల దగ్గర నుంచి దొరుకుతుంది. చీరాల చేనేత కూడా చూడవచ్చు.

వెంకటగిరి అని చెప్పి మర నేత అంటగట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి చీర విప్పి చూడండి. చేతి జాందానీలో పువ్వు ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. మర మీద తీసిన పువ్వుకి వెనకవైపు దారాలు వేలాడుతుంటాయి, లేదా కత్తిరించిన కొసలు గరుగ్గా చేతికి తగులుతాయి. అంచు వెంబడి సూది మొనంత రంధ్రాలు వరసగా కనిపిస్తే సాధారణంగా అది చేనేతే. మగ్గం మీద బట్టని వెడల్పుగా పట్టి ఉంచే బద్ద మొనలు దిగిన గుర్తులవి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో అడగండి. చేనేత సహకార సంస్థ ఆప్కో షోరూముల్లో పండగలప్పుడు రిబేటు ఇస్తుంటారు, అక్కడా ఒకసారి చూడండి. చీరతో పాటు ఒక చీటీ మీద "మొదటిసారి చల్లటి నీళ్ళలో విడిగా తడపాలి, మిషన్‌లో వేయకూడదు, నీడలో ఆరేయాలి" అని రాసి పెట్టండి. ఆ చీటీ లేక పాడైన చీరలు చాలా చూశాను.

ఇక అవ్వ. అబ్బ (తాత) పోయాక అవ్వ రంగు చీరలు కట్టడం లేదు, తెల్లదే తేవాలా అని అడిగారు. మీకై మీరు తేల్చకండి, అవ్వనే అడగండి. అందరి ముందు కాదు, పక్కన కూర్చుని ఒంటరిగా ఉన్నప్పుడు. కొందరు తెలుపే కావాలంటారు, దాన్ని గౌరవించాలి. కొందరు మాత్రం ఎవరైనా అడిగితే లేత నీలమో, బూడిద రంగో, సన్న గళ్ళో కట్టుకుంటారు. అడిగేవాళ్ళు లేకనే తెలుపులో ఉండిపోతారు. మా కొట్లో మనవరాళ్ళు ఇలా అడిగి తీసుకెళ్ళిన లేత రంగు చీరలు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఏ రంగైనా బాగా మెత్తటి నూలు తీసుకోండి. గంజి గట్టిగా ఉంటే ఒకసారి తడిపి ఆరేసి ఇవ్వండి. వయసు మళ్ళిన చర్మానికి కొత్త బట్ట గరుకు తగలకూడదు. ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం: అమ్మకీ అత్తలకీ పళ్ళెంలో పెట్టి ఇచ్చి, అవ్వది సంచిలో అందించకండి. అందరికంటే ముందు అవ్వకే, అదే పళ్ళెంలో పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి ఇవ్వండి.

అమ్మకి చీరతో పాటు చిన్న ముక్కుపుడక కూడా అనుకుంటున్నానని రాశారు. ఈ పదిహేను వేలలో దాన్ని ఇరికించవద్దు. ఇంకో నాలుగైదు నెలలు జీతంలోంచి పక్కన పెట్టి, ఉగాదికో అమ్మ పుట్టినరోజుకో తీసుకోండి. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కానీ రెండు గ్రాముల లోపు వస్తువుకి ఈ నిబంధన వర్తించదు, ముక్కుపుడక చాలావరకు ఆ లోపే ఉంటుంది. కాబట్టి అక్కడ మీకు రక్ష బిల్లే. క్యారెట్, బంగారం బరువు, రాయి బరువు, మజూరీ విడివిడిగా రాసిన బిల్లు ఇస్తేనే తీసుకోండి.

నాయన "నాకేం వద్దు" అన్నారు. నాన్నలందరూ అదే అంటారు. ఆయన ఏం అడిగారని కాదు, ఏది అరిగిపోయినా వాడుతున్నారో చూడండి. చెప్పుల మడమ, కళ్ళజోడు ఫ్రేము, పొలానికి పట్టుకెళ్ళే టార్చి, పర్సు. వాటిలో ఒకటి మంచిది కొనిస్తే మర్నాటి నుంచే వాడతారు. బట్టలే పెట్టాలనుకుంటే చేనేత పంచె, తువ్వాలు చాలు. ఆయనకి బీపీ ఉందని రాశారు, మిషన్ కొనమంటారా అని అడిగారు. కొనవచ్చు, మణికట్టుకి పెట్టేది కాకుండా పై చేతికి చుట్టేది తీసుకోండి, చేతి లావుకి పట్టీ సరిపోతుందో లేదో చూడండి. అయితే దాన్ని పండగ రోజు కానుకగా ఇవ్వకండి. పండగపూట జబ్బుని గుర్తు చేసినట్టుంటుంది. మీరు తిరిగి చెన్నై వెళ్ళే ముందు రోజు తెచ్చి, ఎలా వాడాలో నేర్పించి వెళ్ళండి.

బావకి చొక్కా గుడ్డ చాలు. మరదలు మొదటి జీతంతో పెట్టింది కాబట్టి ఆయన ధర చూడరు. రెడీమేడ్ అయితే సైజు తంటా.

పాప విషయంలో బ్యాటరీ బొమ్మల జోలికి పోకండి. కనుమ సాయంత్రానికి సగం పాడవుతాయి, మిగతా సగం వల్ల ఇంట్లో చెవులు పనిచేయవు. బొమ్మే కొంటే ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి, 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. బిళ్ళ బ్యాటరీ ఉన్న బొమ్మకి మూత స్క్రూతో బిగించి ఉండాలి, పిల్లలు దాన్ని మింగితే ప్రాణం మీదకి వస్తుంది. నన్నడిగితే ఐదేళ్ళ పాపకి మంచి రంగు పెన్సిళ్ళు, రెండు బొమ్మల కథల పుస్తకాలు, ఒక పలక. ఒకప్పుడు దేశమంతా పిల్లలు దిద్దిన రాతి పలకల్లో చాలావరకు మన మార్కాపురానివే. ఇప్పుడు రాతి పలక వాడకం తగ్గిపోయింది కానీ పాప చేతికిచ్చి పక్కన కూర్చుని ముగ్గు చుక్కలు పెట్టించండి, మా పిన్ని ఇచ్చిందని చాలా కాలం చెప్పుకుంటుంది. భోగిపళ్ళు పోసేటప్పుడు చిల్లర కలుపుతారు కదా, అందులో మీ వంతు కొత్త నాణేలు తెచ్చిపెట్టుకోండి.

తినేవాటి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పండగకి అందరూ స్వీటు పెట్టెలే తెస్తారు, ఇంటికి పది చేరతాయి, ఇంట్లో ఇద్దరికి షుగరు ఉంటుంది. మీ ఇంట్లోనూ అంతే అని రాశారు. షుగర్‌ఫ్రీ అని రాసిన స్వీటులో కూడా పిండి, నెయ్యి, పాలసరుకు ఉంటాయి, బెల్లంతో చేసిందైనా షుగరున్నవాళ్ళకి బెల్లం బెల్లమే. అలాంటి ఇంటికి వేరుశనగ, బాదం, పిస్తా పొట్లాం నయం. స్వీటే తీసుకుంటే ఎన్నాళ్ళు ఉంటుందో చూసి తీసుకోండి. 2020 అక్టోబరు నుంచి విడిగా అమ్మే స్వీట్ల ట్రేల మీద కూడా ఏ తేదీలోపు తినాలో రాయాలని నిబంధన ఉంది. రాయకపోతే అడగండి. నెల్లూరు మలై కాజా అంటే నాకూ ప్రాణమే, కానీ అందులో పాలసరుకు ఉంటుంది, కొన్న ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. ఊళ్ళో స్నేహితురాళ్ళకి అది ఇవ్వండి, చెన్నైకి మోయకండి. దూరానికి నేతి మైసూర్‌పాక్ మేలు, అక్క వాళ్ళు వచ్చేటప్పుడు ఒంగోలులో ఆగి అల్లూరయ్య మైసూర్‌పాక్ తెమ్మంటే మీ పని అయిపోతుంది. ఇంట్లో వండిన అరిసెలు అన్నిటికంటే బాగా ఆగుతాయి.

పెద్దత్త హైదరాబాదులో ఉంటారు కాబట్టి ఆమెకి ఊరి బియ్యం పంపడం బాగుంటుందా అన్నారు. బాగుంటుంది, ఇలాంటివి సిటీలో ఉన్నవాళ్ళకి చాలా ఇష్టం. కానీ సంక్రాంతికి కొత్త బియ్యమని వెతకకండి. పెన్నా కింద మన వైపు అప్పటికి చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి, పెద్ద పంట కోతకొచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. అందుకని కిందటేడు పంట పాత బియ్యమే పంపండి. అన్నం పొడిపొడిగా వస్తుంది, ఎదుగుతుంది. ఎవరి ఇంట్లోనైనా పాత మొలగొలుకుల బియ్యం దొరికితే ఐదు కిలోలు చాలు, అత్త సంతోషిస్తుంది. అయితే అది చీరతో పాటు లెక్కలోకి రాకుండా, అమ్మ పంపినట్టుగా వెళ్ళనివ్వండి. లేకపోతే చిన్నత్త సంగతి మళ్ళీ మొదటికొస్తుంది.

స్నేహితురాళ్ళకి ఖర్చు పెట్టకండి. ఒకరు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నారని మీరే రాశారు. ఆమెకి మీరు వెయ్యి రూపాయల హ్యాండ్‌బ్యాగ్ ఇస్తే తిరిగి ఇవ్వలేకపోతున్నానన్న బాధ కూడా ఇచ్చినట్టే. నెల్లూరు రొట్టెల పండగ చూసే ఉంటారు. మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరాక వచ్చి వాళ్ళూ ఇంకొకరికి ఇస్తారు. ఎవరు ఎంత పెట్టారన్న ప్రశ్నే ఉండదు. స్నేహితుల మధ్య అలా తేలిగ్గా ఉండాలి. కాలేజీ నాటి ఫోటో ఒకటి మంచి కాగితం మీద ప్రింటు తీయించి, వెనక మీ చేత్తో నాలుగు వాక్యాలు రాయండి. దానితో అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ ఒక సీసా. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లు ఉన్న ప్రాంతం మనది, సరుకు కోసం వెతకనక్కర్లేదు. ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయికైతే ఆమె రెజ్యూమె ఒక పూట కూర్చుని సరిచేసి పెట్టండి, మీ ఆఫీసులో ఖాళీలుంటే చెప్పండి. మీరు ఎవరికైనా ఇవ్వగలిగిన వాటిలో విలువైనది అదే.

ఆఫీసు దగ్గర చాలామంది తొందరపడతారు. సెలవులకి ముందే అందరికీ ఏదో ఒకటి పంచేసి వస్తారు. మీరు తిరిగి వెళ్ళాక ఇవ్వండి. ఊరి నుంచి తెచ్చిందంటే దానికో అర్థం ఉంటుంది, పైగా వాళ్ళు మీకోసం హడావుడిగా ఏదో కొనాల్సిన అవసరం పడదు. నా ఓటు ఉదయగిరి చెక్క గరిటెలకి. ఉదయగిరి కొండల్లో దొరికే కర్రతో అక్కడి కళాకారులు, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, చేత్తో చెక్కుతారు. పిడి మీద ఆకులూ చేపలూ జాలీ పనీ చూస్తే చేతితో చేశారంటే నమ్మబుద్ధి కాదు. భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. చిన్న చెంచాల జత, ఒక గరిటె కలిపి మనిషికి రెండు మూడు వందల్లో వస్తాయి. తమిళులకైనా ఉత్తరాది వాళ్ళకైనా, ఏ మతం వాళ్ళకైనా పనికొస్తాయి. దేవుడి బొమ్మలు, కుంకుమ భరిణెల్లాంటివి ఆఫీసులో అందరికీ కుదరవు. నీళ్ళలో నానబెట్టవద్దని, కడిగిన వెంటనే తుడిచి అప్పుడప్పుడు కొంచెం కొబ్బరినూనె రాయమని చెప్పండి.

మేనేజర్‌కి కూడా అదే జత, అదే కాగితంలో చుట్టి ఇవ్వండి. మొదటి ఏడాదిలో ఉన్నారు కదా, ఆయనకి ప్రత్యేకంగా ఖరీదైనది ఇవ్వాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రేపు మీకు మంచి రేటింగ్ వస్తే అది మీ పని వల్ల వచ్చిందని మిగతా ఆరుగురూ నమ్మాలి. కొన్ని కంపెనీలకి కానుకల మీద సొంత నియమాలుంటాయి, హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకోండి. ఇదే ప్రశ్న ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకీ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉద్యోగులు కానుకలు తీసుకోవడం మీద హద్దులు పెట్టింది, పై అధికారికి పండగ పేరుతో వస్తువులు మోసుకెళ్ళి ఆయన్నీ మిమ్మల్నీ ఇరకాటంలో పెట్టవద్దు.

మీ జాబితాలో ఆఫీసు ఊడ్చే అక్క, గేటు దగ్గర వాచ్‌మన్, మీ హాస్టల్లో వంట చేసే ఆవిడ లేరు. వాళ్ళని చేర్చండి. వాళ్ళకి వస్తువు కాదు, కవర్లో డబ్బు. వాళ్ళు ఊళ్ళకి వెళ్ళడానికి ముందే ఇవ్వాలి, పండగయ్యాక ఇస్తే వాళ్ళ పండగకి పనికిరాదు. స్వీటు కూడా ఇస్తే మీ ఇంటికి కొనే రకమే ఇవ్వండి. వాళ్ళకని తక్కువ రకం విడిగా కొనేవాళ్ళని చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

డబ్బు ఇలా సరిపోతుంది: నాలుగు చీరలకి ఆరు వేలు, అవ్వకి వెయ్యి, నాయనకీ బావకీ కలిపి రెండున్నర వేలు, పాపకి ఐదు వందలు, స్నేహితురాళ్ళకి ఐదు వందలు, ఆఫీసులో ఏడుగురికి రెండు వేలు, పండగ మామూళ్ళకి పదిహేను వందలు. వెయ్యి మిగులుతుంది. దాన్ని అలాగే ఉంచండి, మీరు ఊహించని చుట్టం ఒకరు తప్పకుండా వస్తారు. ఒక జాకెట్టు గుడ్డ, ఒక తువ్వాలు అదనంగా ఇంట్లో ఉంటే ఆ పూట గడిచిపోతుంది. బీపీ మిషన్ ఇందులో కలపలేదు, అది వచ్చే నెల జీతంలోంచి అనుకుని ఆన్‌లైన్‌లో ధర చూసుకోండి.

చీరలు డిసెంబరు నెలాఖరులోగా చూసేయండి. భోగికి ముందు వారం కొట్లలో నిలబడి విప్పి చూపించే తీరిక ఎవరికీ ఉండదు, మంచి రంగులు అప్పటికే పోతాయి. మీకు సెలవు దొరక్కపోతే అమ్మని కొట్టుకి పంపి, వీడియో కాల్‌లో మీరూ చూడండి. జాకెట్లు కుట్టించాలి కదా, దర్జీలు జనవరి మొదటి వారం తర్వాత గుడ్డ తీసుకోరు. కొన్నప్పుడే మార్పిడికి ఆఖరి తేదీ బిల్లు మీద రాయించుకోండి, ఫాల్ కుట్టాక మాత్రం ఏ కొట్టూ తీసుకోదు. బిల్లులన్నీ అమ్మ దగ్గర ఒక కవర్లో పెట్టి వెళ్ళండి.